కంటిలో నిలిచిపోయిన పాక్షిక గ్రహణం

తేదీ చెప్పి వచ్చే దెబ్బ

కంటి జబ్బులలో ఏది ఎవరికి ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పగలిగిన వైద్యుడు లేడు. శుక్లం ఏ సంవత్సరం ముదురుతుందో, నీటికాసులు ఏ నెలలో బయటపడతాయో మనకు తెలియదు. ఒక్క దెబ్బ మాత్రం కొన్నేళ్ళ ముందే తేదీ, గంట, నిమిషం ప్రకటించి మరీ వస్తుంది. అది సూర్యగ్రహణం నాడు ఆకాశం వైపు తలెత్తిన వాళ్ళ కంటికి తగిలే దెబ్బ. కంటి వైద్యంలోకి కొత్తగా అడుగుపెడుతున్న వాళ్ళ కోసం నేను రాయదలచుకున్నది దాని గురించే. శుక్లాల శస్త్రచికిత్స సంగతి మీకు పుస్తకాలు నాకంటే బాగా చెబుతాయి.

నేను గుంటూరులో చదివాను, ప్రకాశం జిల్లాలో ఉద్యోగం చేశాను, పదవీ విరమణ తరువాత అద్దంకిలో ఒక చిన్న కంటి ఆసుపత్రిలో మరికొన్నేళ్ళు కూర్చున్నాను. తేదీలు, అంకెలు తప్ప మరొక దాని మీద నాకు గురి తక్కువ. కాబట్టి వాటితోనే మొదలుపెడతాను. నా విద్యార్థి దశ నుంచి ఈనాటి వరకు ఈ నేల మీద నేను లెక్కలోకి తీసుకున్న సూర్యగ్రహణాలు ఇవి: 1980 ఫిబ్రవరి 16, 1995 అక్టోబర్ 24, 1999 ఆగస్టు 11, 2009 జూలై 22, 2010 జనవరి 15, 2019 డిసెంబర్ 26, 2020 జూన్ 21, 2022 అక్టోబర్ 25. వీటిలో కొన్ని మరెక్కడో సంపూర్ణం, కొన్ని మరెక్కడో ఉంగరంలా కంకణాకారం. గుంటూరు, ప్రకాశం వాసులకు మాత్రం అన్నీ పాక్షికమే.

పాక్షికం అంటే చిన్నదని అనుకోకండి. కంటి వైద్యుడికి అదే పెద్దది. సూర్యుడు పూర్తిగా కప్పబడితే ఆ కొద్దిసేపు చూసినా కంటికి హాని లేదు. పాక్షిక గ్రహణంలో అటువంటి క్షణం ఒక్కటి కూడా ఉండదు. వెలుగు తగ్గుతుంది, కళ్ళు చిట్లించవలసిన అవసరం తగ్గుతుంది, కంటిపాప విచ్చుకుంటుంది, మిగిలిన ముక్క మాత్రం తన తీక్షణతను ఏమాత్రం తగ్గించుకోదు. పైగా కంటి లోపలి తెరకు నొప్పి తెలియదు. కాలుతున్నా హాయిగానే ఉంటుంది.

ప్రొఫెసరు గారి పెన్సిలు

1980 ఫిబ్రవరి 16, శనివారం. ఉత్తరాన నల్గొండ వైపు సంపూర్ణ గ్రహణం, గుంటూరులో పాక్షికం. ఆ మధ్యాహ్నం బజారులో ఒక్క రిక్షా తిరగలేదు. మా కంటి విభాగపు ప్రొఫెసరు గారు మాత్రం ఓపీ తెరిచే ఉంచారు. ఒక్క రోగీ రాలేదు. "ఇవాళ ఎవడూ రాడయ్యా. వచ్చే వారం వస్తారు, చూడు" అన్నారు.

అన్నట్టే వారం తరువాత కాలేజీ కుర్రవాడొకడు వచ్చాడు. నెగెటివ్ ఫిల్ము ముక్కలోంచి సూర్యుణ్ణి చూశాడట. మా సీనియరు ఒకాయన టార్చి వేసి చూసి, "కన్ను బాగానే ఉంది, వెళ్ళు" అన్నాడు. పక్క గదిలోంచి ప్రొఫెసరు గారి కేక వినిపించింది.

"ఏమయ్యా, నువ్వు చూసింది వాడి కన్ను. వాడు చూసేది నీకు కనబడిందా? కాగితం ఇవ్వు. పెన్సిలు ఇవ్వు. గీయమను!"

కుర్రవాడు కాగితం మధ్య ఒక చుక్క పెట్టుకుని, దాని మీదనే చూపు నిలిపి, చెరిగిపోయినట్టు కనిపించే భాగాన్ని గీశాడు. అప్పటిదాకా వాడి మాట ఫిర్యాదు. ఆ గీతతో అది రుజువైంది.

ప్రొఫెసరు గారు సులువైన మనిషి కారు. రోగుల ముందే మమ్మల్ని తిట్టేవారు. అది తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అయినా ఆయన నేర్పిన రెండు సంగతులు నాకు ఉద్యోగమంతా అన్నం పెట్టాయి. ఒకటి, పరికరం కంటే ముందు పెన్సిలు. రెండోది ఆ కుర్రవాడు వెళ్ళాక చెప్పారు. మా సీనియరు ఏవో మాత్రలు రాయబోతుంటే చీటీ లాక్కుని, "దీనికి మందు లేదు. లేదని చెప్పడానికి గుండె కావాలి. రాసివ్వడానికి పెన్ను చాలు" అన్నారు.

ఈ రెండో మాటను మన వాళ్ళలో చాలామంది ఇప్పటికీ పాటించరు. రోగిని ఉత్తచేతులతో పంపడం ఇష్టం లేక స్టెరాయిడ్ మాత్రలు రాసే వాళ్ళను నేను చూశాను. వాటివల్ల ఈ దెబ్బ నయమవుతుందని రుజువు లేదు. చేయగలిగింది లేనప్పుడు, చేస్తున్నట్టు కనిపించడం వైద్యం కాదు.

తాలుకాయ కనబడని మనిషి

ఇక అసలు సంగతి. 2019 డిసెంబర్ 26, గురువారం. కేరళ, తమిళనాడుల్లో కొన్ని చోట్ల సూర్యుడు ఉంగరంలా కనిపించిన రోజు. అద్దంకిలో ఎనిమిది దాటిన కాసేపటికి మొదలై, తొమ్మిదిన్నర ప్రాంతంలో సూర్యబింబం సగానికి పైగా కప్పబడి, పదకొండు దాటాక విడిచింది.

ఆ ఉదయం నేను ఆసుపత్రి ఆవరణలోని వేపచెట్టు కింద తెల్ల కాగితం పరిచాను. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు మచ్చలు మామూలు రోజుల్లో గుండ్రంగా ఉంటాయి. అవి నిజానికి సూర్యుడి బొమ్మలే. ప్రతి సందూ ఒక సూదిబెజ్జంలా పనిచేస్తుంది. గ్రహణం నాడు ఆ మచ్చలన్నీ కొడవళ్ళవుతాయి. వాటి అంచుల వెంట పెన్సిలుతో గీసి, పక్కన సమయం రాసుకున్నాను. మా ఆసుపత్రిలో అద్దాలు పరీక్షించే బాజీ గడప దాటకుండానే అడిగాడు.

"సార్, ఆకాశంలో సినిమా నడుస్తుంటే మీరు నేల చూపులు చూస్తారేందండీ?"

"ఇక్కడ టికెట్టు లేదు బాజీ. కళ్ళూ పోవు" అన్నాను.

సోమవారం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకావిడ నలభై ఏళ్ళ లోపు, పేరు కోటేశ్వరమ్మ. వెంట వచ్చింది ఆమె అత్తగారు నాగరత్తమ్మ. కోటేశ్వరమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఏమిటి బాధ అని అడిగాను.

"తాలుకాయ కనపట్టం లేదండీ" అంది.

మిరప పండే ఊళ్ళ వాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. కల్లంలో ఆరబోసిన మిరపకాయలలో రంగు విరిగి తెల్లబోయిన కాయ తాలుకాయ. ఎర్ర రాశిలోంచి దాన్ని ఏరి పక్కన పడేయాలి. ఆ పని ఆడవాళ్ళ ముఠాలు చేస్తాయి. కోటేశ్వరమ్మ అటువంటి ఒక ముఠాకు మేస్త్రి. ఆమె ఒక్కసారి కళ్ళు తిప్పి చూసి "ఈ కుప్ప అయింది" అంటే అయినట్టు. ఇంట్లో ఉన్న పాత కాయలను చూస్తుంటే ఎర్రదీ తెల్లదీ తేడా తెలియడం లేదని ఆమె భయం.

"సూటిగా చూస్తే కాయ మధ్యలో చెరిపేసినట్టు ఉంటందండీ. పక్కకి చూస్తే కనపడుద్ది. నెలలో ఏరుడు మొదలవుద్ది. మేస్త్రికే కళ్ళు లేవంటే ముఠా ఇంకొకరి చేతిలోకి పోద్దండీ. మళ్ళీ రాదు."

నాగరత్తమ్మ అడ్డు తగిలింది. "కోరు ఘాటండీ, ఏం లేదు. మిరప దుమ్ము పడింది. చుక్కల మందు రాయండి, పోతాం."

"కొత్త కాయ ఇంకా కల్లానికే రాలేదు కదమ్మా" అన్నాను.

"మా కల్లానికి రాలేదు. ఎవరి కల్లానికో వచ్చి ఉంటదిలెండి."

బాజీ పరీక్ష చేశాడు. కుడి కన్ను 6/36, ఎడమ కన్ను 6/24. అద్దాలు మార్చినా అక్షరం కూడా మెరుగు కాలేదు. "గ్రహణం నాడు ఎక్కడున్నావమ్మా?" అని అడిగాను.

"ఇంట్లోనేనండీ. తలుపులేసుకున్నాం. రోకలి పడ్డాకనే బయటికొచ్చా."

మా వైపు గ్రహణం పూట ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో రోకలిని నిలువుగా నిలబెట్టే అలవాటు ఉంది. గ్రహణం పట్టి ఉన్నంతసేపు అది నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని నమ్మకం. నాగరత్తమ్మ ఇంట్లో ఆ రోజు టీవీ కట్టేశారు. గ్రహణం పూట టీవీ చూడకూడదట. గడియారం ఎవరూ చూడలేదు. రోకలినే చూశారు. అది పడింది. అత్త "విడిచింది, పోయి స్నానం చెయ్యి" అంది. కోడలు పెరట్లోకి వచ్చింది.

"వచ్చి చూస్తే ఎండ మసగ్గా ఉందండీ. విడిచిందంటది, ఎండేంది ఇట్టుంది అనుకుని పైకి చూశా. ఏం మంటా లేదు, ఏం లేదు. చల్లగా చూడనిచ్చింది. పది లెక్కపెట్టేంత సేపు చూశానేమో."

కాగితం ఇచ్చాను. పెన్సిలు ఇచ్చాను. మధ్యలో చుక్క పెట్టి, దాని మీదే చూపు నిలిపి, చెరిగిన చోటును గీయమన్నాను. ఆమె తొందరపడలేదు. ముందు కుడి కన్ను మూసుకుని గీసింది, తరువాత ఎడమ కన్ను మూసుకుని గీసింది. రెండు చోట్లా ఒకటే ఆకారం వచ్చింది. కొడవలి.

కంటి తెర మీద ఏ బొమ్మైనా తలకిందులుగా పడుతుంది, మెదడు దాన్ని తిప్పి చదువుకుంటుంది. అందువల్ల కాలిన చోటు తలకిందులుగా కాలినా, ఆమెకు కనబడే మచ్చ ఆకాశంలోని ఆకారం లాగే ఉంటుంది. నేను వేపచెట్టు కింద గీసిన కాగితాలు తెచ్చి పక్కన పెట్టాను. చేతితో గీసిన మచ్చ నిమిషాన్ని రుజువు చేయదు. అంత మాట నేను అనను. ఒక్క సంగతి మాత్రం నిస్సందేహం. గ్రహణం విడిచాక చూసి ఉంటే మచ్చ గుండ్రంగా ఉండాలి. కొడవలి ఉందంటే, ఆమె చూసే వేళకు చంద్రుడు ఇంకా అడ్డంగానే ఉన్నాడు. అదీ నా కాగితాల మీది వాటిలో అన్నిటికంటే సన్నని కొడవలికి సరిపోయేది. గ్రహణం నడిమధ్య దరిదాపుల్లోది.

"రోకలి ముందే పడిందమ్మా" అన్నాను.

నాగరత్తమ్మ ముఖం జేవురించింది. "రోకలి అబద్ధమాడదు! ఇదే మధ్యలో బయటికొచ్చి ఉంటది."

"నువ్వు రమ్మంటేనే కదత్తా వచ్చింది!"

"నోర్ముయ్యవే. మా అత్త కాలం నుంచీ నిలబెడతన్నాం. ఏనాడూ తప్పలా. సాయిబు డాక్టరు గారికి మా రోకలి సంగతేం తెలుసు?"

నాకు కోపం రాలేదు. మా ఇంట్లో గ్రహణమంటే నమాజు, పక్కింట్లో గ్రహణమంటే పట్టు స్నానం, విడుపు స్నానం. రెండు ఇళ్ళలోనూ మా చిన్నప్పుడు పిల్లలకు చెప్పిన మాట మాత్రం ఒక్కటే: పైకి చూడొద్దు. "తెలియదు కాబట్టే అడుగుతున్నానమ్మా. వచ్చే సోమవారం ఆ రోకలిని ఒకసారి తీసుకురండి" అన్నాను.

సినిమా హాలులో పొడుగాయన

వెళ్ళబోతూ కోటేశ్వరమ్మ ఒక ప్రశ్న వేసింది. "టీవీలో ఉంగరంలాగ అని చెప్పారంటండీ. నాకేమో కొడవలి కనపడింది. ఒక్క సూర్యుడే కదా, ఒకరికి ఉంగరం, ఒకరికి కొడవలి ఎట్టా?"

చాలామంది డిగ్రీ చదివిన వాళ్ళు కూడా అడగని ప్రశ్న అది. నేను చెప్పిన సమాధానాన్ని ఇక్కడ కొంత విస్తరించి రాస్తాను. రేపు మీ రోగి అడిగితే మీకూ చెప్పడానికి పనికివస్తుంది.

సినిమా హాలులో మీ ముందు కుర్చీలో పొడుగాటి మనిషి కూర్చున్నాడనుకోండి. సరిగ్గా అతని వెనక ఉన్న వాడికి తెర మధ్యభాగం పోతుంది. రెండు కుర్చీలు అవతల ఉన్న వాడికి ఒక మూల పోతుంది. ఆ చివరనున్న వాడికి ఏమీ పోదు. తెర ఒక్కటే, పొడుగాయన ఒక్కడే, కూర్చున్న చోటు వేరు. 2019 డిసెంబర్‌లో చంద్రుడి వెనక సూటిగా కూర్చున్న వాళ్ళు కేరళ, తమిళనాడుల మీదుగా సాగిన ఒక సన్నని పట్టీలోని వాళ్ళు. మనం పక్క కుర్చీ వాళ్ళం. చంద్రుడి నీడకు నడుమ చిక్కని భాగం, చుట్టూ పలచని భాగం ఉంటాయి. చిక్కని భాగమో, దాని కొనసాగింపో తాకే చోటు సన్నం, పలచని భాగం పరుచుకునే చోటు విశాలం. అందుకే ఏ ఊరి వాడికైనా జీవితంలో ఎక్కువగా దక్కేది పాక్షిక గ్రహణమే.

మరి అంత చిన్న చంద్రుడు అంత పెద్ద సూర్యుణ్ణి ఎలా కప్పుతాడు? సూర్యుడి అడ్డుకొలత చంద్రుడి దానికి దాదాపు నాలుగు వందల రెట్లు. సూర్యుడి దూరం కూడా చంద్రుడి దూరానికి దాదాపు నాలుగు వందల రెట్లే. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా పడటం నన్ను ఈ వయసులోనూ ఆశ్చర్యపరుస్తుంది. చంద్రుడు కాస్త దగ్గరగా ఉన్నప్పుడు పూర్తిగా కప్పుతాడు. కాస్త దూరంగా ఉన్నప్పుడు అంచు మిగిలి ఉంగరం కనిపిస్తుంది.

ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదన్నది తరువాతి ప్రశ్న. చంద్రుడి దారి సూర్యుడి దారికి సుమారు ఐదు డిగ్రీలు వాలి ఉంటుంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే. కాబట్టి చాలా అమావాస్యల్లో చంద్రుడు సూర్యుడికి పైగానో కిందుగానో జారిపోతాడు. ఆ రెండు దారులు ఒకదాన్నొకటి కోసే చోట్లు రెండు ఉన్నాయి. మన పంచాంగాలు వాటికి పెట్టిన పేర్లే రాహువు, కేతువు. అమావాస్య ఆ చోట్లకు దగ్గరగా పడితేనే గ్రహణం. కొన్నిసార్లు చిక్కని నీడ భూమిని తాకకుండానే పక్కనుంచి పోతుంది. అప్పుడు ప్రపంచంలో ఎవరికీ సంపూర్ణం ఉండదు, అందరికీ పాక్షికమే. 2022 అక్టోబర్ 25 నాటిది అటువంటిదే. మన వైపు సూర్యుడు గ్రహణంతోనే అస్తమించాడు. రాక్షసుడు మింగుతాడన్న కథను నవ్వే ముందు, ఆ కంటికి కనబడని రెండు చోట్లను కనిపెట్టి, లెక్క కట్టి, వాటికి పేర్లు పెట్టిన వాళ్ళ బుద్ధికి నమస్కారం పెట్టండి. నేను పెడతాను.

కోటేశ్వరమ్మ అంతా విని, "అయితే పొడుగాయన లేచిపోయిందాకా తల ఎత్తకూడదన్నమాట" అంది. నేను అంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

మామూలు సోమవారం నాటి రోకలి

మరుసటి సోమవారం నాగరత్తమ్మ రోకలిని పాత చీరలో చుట్టి, ఇత్తడి పళ్ళెంతో సహా తెచ్చింది. బస్సు కండక్టరు దానికీ టికెట్టు కొట్టనా అన్నాడట. "కొట్టు నాయనా, అది కూడా కంటి డాక్టరు కాడికే వస్తంది" అన్నదట.

పళ్ళెంలో నీళ్ళు పోయించాను. ఆమె చేతులతోనే నిలబెట్టమన్నాను. "ఇవాళ ఎట్టా నిలబడుద్దండీ, గ్రహణం లేందే?" అంటూనే నిలబెట్టింది. అడుగు చదునుగా అరిగిన మంచి రోకలి అది. నిలబడింది. ఆమె చేతులు తీసింది. ఇంకా నిలబడే ఉంది. బాజీ, వరండాలో కూర్చున్న రోగులు, అందరూ చుట్టూ చేరారు.

"ఇవాళ ఏ గ్రహణమమ్మా?" అన్నాడు బాజీ.

"నీ నోటికి పట్టిందేమోరా!" అంది నాగరత్తమ్మ. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. రోకలినే చూస్తూ ఉంది. అదే సమయానికి ఆసుపత్రి ముందు రోడ్డు మీద పత్తి లోడు ట్రాక్టరు ఒకటి అరుగు అదిరేలా వెళ్ళింది. రోకలి ఒరిగి పళ్ళెం అంచుకు తగిలి పడింది. నీళ్ళు ఆమె పాదాల మీద చిందాయి.

"ఆ పొద్దు కూడా ట్రాక్టరు పోయింది" అంది నాగరత్తమ్మ, ఎవరితోనో కాదు, తనతోనే. తరువాత నావైపు తిరిగింది. "అయితే దాని కళ్ళు నేనే తీశానా డాక్టరు గారూ?"

ఇటువంటి ప్రశ్నకు మీరు పుస్తకాల్లో జవాబు వెతకకండి. ఉన్నదున్నట్టు చెప్పండి. "కళ్ళు పోలేదమ్మా. దెబ్బ తగిలింది. మీరు ఇంట్లో ఉంచి కాపాడబోయారు, అది మంచి పనే. గడియారం ఒక్కటే తప్పు ఎంచుకున్నారు. చాలామందికి కొన్ని నెలల్లో చూపు కొంత తిరిగి వస్తుంది, కొందరికి రాదు. ఈమెకు ఎంత వస్తుందో ఆరు నెలలు చూస్తేగాని చెప్పలేను. మందు లేదు."

"చుక్కలు కూడా లేవా?"

"లేవు."

ఆమె పళ్ళెం తుడిచింది. రోకలిని మళ్ళీ చీరలో చుట్టింది. కోడలి చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. అంతకుముందు కోడలు ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కించిందని నాకు గుర్తు.

మేస్త్రి పీట

గుంటూరులో తీయించిన కంటి స్కాన్‌లో రెండు కళ్ళ నడిబొడ్డునా, లోపలి పొరలో సన్నని చీలిక కనిపించింది. జనవరి చివర పరీక్షలో ఎడమ కన్ను 6/18, కుడి కన్ను 6/24. మెరుగే గాని ఏరుడు పనికి చాలదు. నేను ఆమెకు గళ్ళ కాగితం ఒకటి ఇచ్చి, రోజూ ఒక్కొక్క కంటితో చూసి ఎన్ని గళ్ళు చెరిగి ఉన్నాయో లెక్కపెట్టమన్నాను.

ఫిబ్రవరిలో ఆమె ఒంటరిగా వచ్చింది. "మీ అత్తగారు రాలేదేం?" అని అడిగాను.

"కల్లంలో ఉందండీ. నా పీట మీద కూర్చుంది."

మోకాళ్ళ నొప్పులతో ఎన్నో ఏళ్ళ కిందటే ఏరుడు మానేసిన నాగరత్తమ్మ, సీజను మొదలైన రోజు తెల్లవారి ముఠా కంటే ముందు కల్లానికి వెళ్ళి, కోడలి పీట మీద కూర్చుందట. "మా కోడలు వచ్చిందాకా నేనే మేస్త్రిని. ఎవరికన్నా కష్టంగా ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నదట.

ఆ నెలలోనే ఒక కంటి శిబిరానికి సింగరాయకొండ వెళుతూ, దారి కాస్త చుట్టైనా ఆ కల్లం మీదుగా వెళ్ళాను. ఎర్ర రాశుల మధ్య నాగరత్తమ్మ రెండు మోకాళ్ళకూ గుడ్డలు చుట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉంది. చేతులు కాయల్లో ఆడుతున్నాయి, నోరు ముఠా మీద ఆడుతోంది. పక్కనే కోటేశ్వరమ్మ తొడిమలు తీస్తోంది. చూపు నిలపనక్కర్లేని పని అది. మధ్యమధ్య ఒక్కొక్క కాయ ఎత్తి, తల కొద్దిగా ఓరగా తిప్పి చూసి, "తాలేనా అత్తా?" అని అడుగుతోంది. అత్త చూసి "తాలే" అనో, "కాదు, మళ్ళీ చూడు" అనో చెబుతోంది. మచ్చ పక్కనుంచి చూడటం ఆమె అలా సాధన చేస్తోంది. అది నేను నేర్పలేదు.

నన్ను చూసి నాగరత్తమ్మ అరిచింది. "ఏందండీ డాక్టరు గారూ, కాయ కొనడానికొచ్చారా?"

"మీ మోకాళ్ళు చూద్దామని."

"కంటి డాక్టరుకి మోకాళ్ళతో పనేంది? దాని కళ్ళు బాగు చెయ్యండి, నా మోకాళ్ళు అయ్యే బాగుపడతయ్."

నా ఉద్యోగంలో పట్టుదల గల మనుషులను చాలామందిని చూశాను. తాను తప్పు చేశానని తెలిశాక ఏడవడం, తలబాదుకోవడం మామూలు. మాట్లాడకుండా వెళ్ళి ఎదుటి మనిషి చోటును కాపలా కాయడం మామూలు కాదు. గ్రహణాల గురించి నాకు తెలిసిన అంకెలన్నీ ఒకవైపు పెడితే, ఆ పీట మీద కూర్చున్న మనిషిని నేను రెండోవైపు పెడతాను.

ఆ తరువాత మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు ఆగాయి. కోటేశ్వరమ్మ ఫోనులో గళ్ళ లెక్క చెప్పేది. సంఖ్య తగ్గుతూ వచ్చింది. జూన్ 21, ఆదివారం, మళ్ళీ సూర్యగ్రహణం. మనకు మళ్ళీ పాక్షికమే. రెండు రోజుల ముందు నాగరత్తమ్మే స్వయంగా ఫోను చేసింది. "ఎన్నింటికి పడుద్ది, ఎన్నింటికి విడుస్తది, నిమిషాలతో చెప్పండి" అంది. చెప్పాను. రోకలి నిలబెడతారా అని అడిగాను. "నిలబెడతాం. దాని దారి దానిది. తలుపు మాత్రం గడియారం చూసి తీస్తాం" అంది. నాకు అంతకంటే కావలసింది లేదు.

ఆ నెలాఖరుకు కోటేశ్వరమ్మ ఆసుపత్రికి రాగలిగింది. ఎడమ కన్ను 6/6. కుడి కన్ను 6/9. కుడి కంటిలో సన్నని గీత లాంటి మచ్చ మిగిలింది. వెతికితేనే కనబడుతుంది. అది పోదని కూడా చెప్పాను.

ఆ తరువాతి సీజను

2021 ఫిబ్రవరిలో ఒక ఉదయం ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఈసారి మేస్త్రి పీట మీద కోటేశ్వరమ్మే కూర్చుంటోంది. ముఖంలో మాత్రం మొదటి రోజు నాటి భయం.

"మళ్ళీ వచ్చిందండీ. దూరంగా అంతా బానే ఉంది. చేతిలో కాయ చూద్దామంటే మసక. చెయ్యి చాచి పట్టుకుంటే కనపడుద్ది. ఎవరికీ చెప్పలేదు, అత్తకి తప్ప. చెబితే ముఠాలో ఇంక నమ్మరు."

నాగరత్తమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

బాజీ పట్టిక పెట్టాడు. ఎడమ కన్ను 6/6, కుడి కన్ను 6/9. కిందటి జూన్‌లో ఎంత ఉందో అంతే. కాగితం, పెన్సిలు ఇచ్చాను. కుడి కంటిలో అదే సన్నని గీత, అంతకంటే వెంట్రుకవాసి పెరగలేదు. అప్పుడు దగ్గరి అక్షరాల అట్ట చేతికిచ్చి, ఒక్క పాయింటు పవరు అద్దం కళ్ళ ముందు పెట్టాను. అట్ట మీద అడుగు వరుస దాకా గడగడా చదివింది.

"వయసెంతమ్మా?" అని అడిగాను.

"నలభై నిండి రెండు నెలలండీ."

"ఇది సూర్యుడు చేసింది కాదు. చత్వారం."

కోటేశ్వరమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నాగరత్తమ్మకు అయింది. "చత్వారమా? అందరికీ వచ్చే చత్వారమేనా?"

"అందరికీ వచ్చేదే."

ఆమె తన కళ్ళజోడు తీసి, కొంగుతో రెండు అద్దాలూ తుడిచి, కోడలి ముక్కు మీద పెట్టింది. పవరు ఎక్కువై కోటేశ్వరమ్మకు అంతా గజిబిజిగా కనిపించి ఉంటుంది. అయినా తీయలేదు. నాగరత్తమ్మ వరండాలోకి తల పెట్టి, తమ వంతు కోసం కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్ళందరికీ వినబడేలా అరిచింది.

"మా కోడలు ముసలిదైందంటండీ!"